క్యాంపుకి కత్తి కొంటున్నారా? జానెడు వద్దు, బెత్తెడు చాలు

నా మొదటి క్యాంపు కత్తి కొన్న మూడో వారంలోనే విరిగిపోయింది. మైలవరం దగ్గర మా బాబాయి వాళ్ళ మామిడి తోటలో, డిసెంబరు రాత్రి, మంట వేసుకుందామని ఎండిన తుమ్మ కొయ్య మీద కత్తి ఆనించి పైనుంచి ఇంకో కర్రతో కొట్టాను. మూడో దెబ్బకి నా చేతిలో పిడి మాత్రమే మిగిలింది. బ్లేడు ఎగిరి మా తమ్ముడి కాలికి జానెడు దూరంలో మట్టిలో దిగబడింది. టార్చి వేసి చూస్తే పిడిలోకి వెళ్ళిన ఇనుము పెన్సిలంత లావు కూడా లేదు, పొడవు అంగుళంన్నర ఉంటుందేమో, మిగతా పిడంతా బోలు. ఆ బోలులో ఒక దిక్సూచి, సూది దారం, నాలుగు అగ్గిపుల్లలు. ఎనిమిది అంగుళాల బ్లేడు, వెన్ను మీద రంపపు పళ్ళు, చూడ్డానికి భలే ఉండేది. ఆ రాత్రి వంటకి ఉల్లిపాయలు మాత్రం మా పిన్ని వంటింటి చాకుతోనే తరిగాం.

ఎగిరిన ఆ బ్లేడు మా తమ్ముడి కాలికి తగిలి ఉంటే అన్న ఆలోచన చాన్నాళ్ళు వదల్లేదు. అందుకే ఎవరైనా "అన్నా, ట్రెక్కుకి మంచి కత్తి ఏది?" అని అడిగితే పేరు చెప్పి ఊరుకోలేను, ఎలా ఎంచుకోవాలో మొత్తం చెప్తాను. ఇక్కడా అదే చేస్తున్నాను. మనం మాట్లాడుకునేది మడత కత్తి గురించి కాదు, ఫిక్స్‌డ్ బ్లేడ్ గురించి, అంటే మడవకుండా ఒరలో పెట్టుకునేది. మడత కత్తికి కీలు ఉంటుంది, ఆ కీలే దాని బలహీనత. మట్టి, చేప పొలుసు, మైసూర్‌పాక్ జిడ్డు ఏది పడినా లోపల ఇరుక్కుంటుంది, గట్టిగా నొక్కితే వేళ్ళ మీద మూసుకునే ప్రమాదమూ ఉంది. మడవని కత్తికి ఈ గొడవలేవీ లేవు, నీళ్ళతో కడిగి తుడిస్తే అయిపోయింది.

1. ముందు ఏం కోస్తారో రాసుకోండి

షాపుకి వెళ్ళే ముందు, ఫోన్లో ఫొటోలు చూసే ముందు, మీరు వెళ్ళిన ఆఖరి రెండు ట్రిప్పులు గుర్తు చేసుకుని కత్తి ఎక్కడెక్కడ తీశారో ఒక కాగితం మీద రాయండి. నేను రాసినప్పుడు వచ్చినవి ఇవి: ఉల్లిపాయలు, టమాటాలు, పచ్చిమిర్చి, నూనె ప్యాకెట్టు, టెంటు తాడు, టార్పాలిన్‌కి కట్టిన నైలాన్ తాడు, మంట అంటించడానికి చెక్క పేళ్ళు, టెంటు మేకులకి కర్ర చెక్కడం, ఒకసారి చేప శుభ్రం చేయడం, ఒకసారి పాదంలో దిగిన తుమ్మ ముల్లు తీయడం. పెద్ద కొయ్య చీల్చింది ఒక్కసారి, అదీ అవసరం ఉండి కాదు, చేతిలో కత్తి ఉందని.

మీ కాగితం కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అంటే మనం చేసే పనిలో ఎక్కువ భాగం సన్నటి పని, మునివేళ్ళ పని. కొనేది మాత్రం ఎప్పుడో ఒకసారి చేసే మొరటు పని కోసం. ఈ తేడా తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఎక్కడికి వెళ్తున్నారన్నది కూడా రాసుకోండి. హిమాలయాల ట్రెక్కులకి బెజవాడ స్టేషన్లో రైలెక్కే మనవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్కడ చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక కోయడానికి కట్టే ఉండదు, వంట కూడా సాధారణంగా ట్రెక్కు నడిపేవాళ్ళే చేస్తారు. దానికి మూడంగుళాల చిన్న కత్తి చాలు, వంద గ్రాములు మించనివ్వకండి. మన కొండవీడు చుట్టుపక్కలో, స్నేహితుల తోటల్లోనో, సూర్యలంక వైపు సరుగుడు తోపుల దగ్గరో రాత్రి గడిపి సొంతంగా వండుకునేవాళ్ళకే ఈ మిగతా లెక్కలన్నీ.

2. చట్టం సంగతి, కొనకముందే

చాలామంది దీన్ని ఆఖర్లో చూస్తారు, తప్పు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఉన్న నియమాల్లో బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవున్నవి, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పున్నవి ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకి, పరిశ్రమలకి చేసినవాటికి మినహాయింపు ఉంది. 9 అంగుళాలంటే సరిగ్గా మన జానెడు. జానెడు కత్తి క్యాంపుకి అసలు అక్కర్లేదని ఎలాగూ చెప్పబోతున్నాను కాబట్టి ఈ గీత దాటే పని మీకు పడదు.

రెండోది ఇంకా ముఖ్యం, దీన్ని తెలియక తప్పు చేసేవాళ్ళే ఎక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'ఆయుధం' అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి, పొడవుతో సంబంధం లేకుండా. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళకూడదు, జాతీయ పార్కులకీ ఇదే వర్తిస్తుంది. నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, గోదావరి మీద పాపికొండల జాతీయ పార్కు, మన పక్కనే ఉన్న కొల్లేరు, అన్నీ ఇందులోకే వస్తాయి. అక్కడికి వెళ్తుంటే కత్తి ఇంట్లో పెట్టండి, లేదా అటవీ శాఖ ఆఫీసులో ముందే అడిగి వాళ్ళు చెప్పినట్టు చేయండి. మంట మీద కూడా అదే చట్టంలో ఆంక్షలున్నాయి.

ఇక దారిలో కత్తిని నడుముకి వేలాడదీసుకుని బస్టాండులో తిరగొద్దు. ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, వంట గిన్నెల మధ్యలో, బ్యాగు అడుగున పెట్టండి. పోలీసులు ఆపి అడిగితే గిన్నెలతో కలిసి ఉన్న చాకు వంట చాకులాగే కనిపిస్తుంది, నిజంగానూ అంతే. గన్నవరంలో విమానం ఎక్కితే చెకిన్ బ్యాగులో మాత్రమే, చేతి బ్యాగులో పెడితే అక్కడే వదిలేసి వెళ్ళాలి.

3. పొడవు, మందం, బరువు

మీ నాలుగు వేళ్ళు దగ్గరగా కలిపి చూడండి, ఆ వెడల్పు బెత్తెడు, సుమారు మూడు అంగుళాలు. దాని మీద ఇంకో వేలు కలపండి. మంచి క్యాంపు కత్తి బ్లేడు పొడవు అంతే, మూడున్నర నుంచి నాలుగున్నర అంగుళాలు. దీనికన్నా చిన్నదైతే క్యాబేజీ, సొరకాయ తరగడం ఇబ్బంది. పెద్దదైతే మొన మీ చేతికి దూరమైపోతుంది, మొన దూరమైతే అదుపు పోతుంది, ముల్లు తీయాలన్నా చేప పొట్ట చీల్చాలన్నా మొన ఎక్కడుందో మీ వేలికి తెలియాలి.

మందం వెన్ను దగ్గర కొలవండి. 2.5 నుంచి 3.5 మిల్లీమీటర్లు బాగుంటుంది. ఐదారు మిల్లీమీటర్ల మందం ఉన్నవి "చాలా స్ట్రాంగ్ సార్" అని అమ్ముతారు, అవి ఉల్లిపాయని తరగవు, చీలుస్తాయి. ముక్క మధ్యలోకి వెళ్ళేసరికి ఫట్‌మని రెండు చెక్కలై ఒకటి పళ్ళెం దాటి పడుతుంది. కొలతకి ఒక నమూనా కావాలంటే స్వీడన్ మోరా కంపెనీ కంపానియన్ చాకు చూడండి, బ్లేడు 104 మిల్లీమీటర్లు, స్టెయిన్‌లెస్ రకం మందం 2.5 మిల్లీమీటర్లు, ఒరతో కలిపి కూడా బరువు తక్కువే. అదే కంపెనీ గార్బర్గ్ 109 మిల్లీమీటర్లు, మందం 3.2. ఇవే కొనమని కాదు, మీ చేతిలో ఉన్నదాన్ని వీటితో పోల్చుకోవడానికి చెప్తున్నాను.

మొత్తం బరువు ఒరతో కలిపి 250 గ్రాములు దాటితే ఆలోచించండి. అర లీటరు నీళ్ళలో సగం బరువది, ఎండాకాలం కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు ఆ బరువులో నీళ్ళు ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మొన వెన్ను వైపు నుంచి మెల్లగా కిందికి వాలి ఉండే ఆకారం, దీన్ని డ్రాప్ పాయింట్ అంటారు, అన్ని పనులకీ సరిపోతుంది. వెన్ను మీద రంపపు పళ్ళు, అంచులో సగం పళ్ళు ఉన్నవి వద్దు. ఆ రంపం కట్టెని కోయదు, గీరుతుంది, పైగా వెన్ను మీద కర్రతో కొట్టాలన్నా బొటనవేలు ఆనించాలన్నా అడ్డం. వెన్ను మాత్రం నున్నగా గుండ్రంగా కాకుండా పలక అంచులా నిటారుగా ఉంటే మంచిది, ఫెర్రో రాడ్ అనే మంట అంటించే లోహపు కడ్డీని గీకి నిప్పురవ్వలు తీయడానికి పనికొస్తుంది. అక్కడ రవ్వలు వచ్చేది రాడ్ నుంచి, కాబట్టి కత్తి ఏ ఉక్కుదైనా ఫరవాలేదు. మన చెకుముకి రాయితో అయితే కథ తిరగబడుతుంది, అక్కడ రాయి ఉక్కుని గీరి రవ్వ తీస్తుంది, దానికి గట్టి కార్బన్ ఉక్కే కావాలి.

4. పిడిలోపల ఏముంది

నా కత్తి విరిగింది ఇక్కడే. బ్లేడు పిడిలోకి కొనసాగే భాగాన్ని ట్యాంగ్ అంటారు. పిడి ఆకారమంతా నిండి, రెండు పక్కలా చెక్క బద్దలు రివిట్లతో బిగించి ఉంటే అది ఫుల్ ట్యాంగ్, పిడి అంచు వెంబడి వేలు రాస్తే చుట్టూ ఇనుము తగులుతుంది. కొనడం కొత్త అయితే ఇదే తీసుకోండి, కళ్ళతో చూసి నమ్మొచ్చు. మోరా కంపానియన్ లాంటివాటిలో ట్యాంగ్ పిడి చివరిదాకా రాదు, అయినా బాగా చేసిన ప్లాస్టిక్ పిడి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, చెక్కడానికి, వంటకి ఏ ఢోకా ఉండదు, మొద్దులు చీల్చే పనికి మాత్రం వాడొద్దు. వద్దని గట్టిగా చెప్పేది బోలు పిడి గురించి. మూత తిప్పితే లోపల సామాన్లుండే కత్తి ఏదైనా సరే, ఎంత తక్కువకి వచ్చినా సరే, వద్దు.

5. అంచు ఆకారం: ఆవకాయ కత్తి, ఉల్లిపాయ చాకు

దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. ఉక్కు ఎంత గొప్పదైనా అంచు ఆకారం తప్పితే కత్తి కోయదు.

ఏప్రిల్, మే నెలల్లో మార్కెట్లో ఆవకాయ ముక్కలు కొట్టేవాళ్ళని గమనించండి. ఆ కత్తి బరువైనది, మందమైనది, అంచు దగ్గర కూడా మొద్దుగా మేకులా ఉంటుంది. టెంకని పగలగొట్టాలంటే అలాగే ఉండాలి. అదే టెంక మీద మీ వంటింటి పల్చటి చాకు వేస్తే అంచు మడత పడుతుంది, లేదా చిన్న పెచ్చు ఊడుతుంది. తిరగేసి ఆవకాయ కత్తితో ఉల్లిపాయ తరగడానికి ప్రయత్నించండి, నలిగి కన్నీళ్ళు రెట్టింపు అవుతాయి. క్యాంపు కత్తి ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉండాలి, ఉల్లిపాయ వైపు కొంచెం ఎక్కువ జరిగి.

రకాలు మూడు గుర్తుంటే చాలు. వెన్ను నుంచి అంచు దాకా ఒకే వాలుగా పల్చబడేది ఫ్లాట్ గ్రైండ్, కూరగాయలకి ఇదే బాగుంటుంది, మిగతా పనులూ చేస్తుంది. సగం దాకా మందంగా ఉండి కింద ఒక్కసారిగా వెడల్పాటి వాలుతో అంచుకి దిగేది స్కాండీ, ఇది చెక్కని బాగా పట్టుకుంటుంది, సాన పట్టడం కొత్తవాళ్ళకి కూడా సులువు, ఎందుకంటే ఆ వాలుని రాయి మీద బోర్లా ఆనించి రుద్దితే కోణం దానంతట అదే కుదురుతుంది. క్యారెట్ మాత్రం చీలుతుంది. మూడోది కాన్వెక్స్, అంచుకి వచ్చేసరికి బియ్యపు గింజ బుగ్గలా ఉబ్బి ఉంటుంది, గొడ్డలికి, కొబ్బరి బోండాలు కొట్టే కత్తికి సరిపోయే తీరు, మన పనికి అంత అవసరం లేదు. నేను వాడేది 3 మిల్లీమీటర్ల ఫ్లాట్ గ్రైండ్. సాన పట్టడం ఇంకా రాకపోతే స్కాండీతో మొదలుపెట్టండి, ఆర్నెల్లలో చెయ్యి కుదురుతుంది.

6. ఉక్కు: మన ఉక్కపోతలో ఏది నిలబడుతుంది

ఉక్కు పేర్లు చూసి బెదిరిపోకండి. 1095 అని ఉంటే చివరి రెండు అంకెలే కార్బన్, అంటే సుమారు 0.95 శాతం. 1075 అంటే 0.75. కార్బన్ ఎక్కువైతే గట్టిపడే గుణం ఎక్కువ, పదును తేలిగ్గా పట్టి బాగా నిలుస్తుంది. కానీ ఇవి తుప్పు పడతాయి. తుప్పు రాకుండా ఉండాలంటే క్రోమియం కావాలి. శాండ్విక్ 12సి27లో కార్బన్ 0.6 శాతం చుట్టూ, క్రోమియం 13.5 శాతం చుట్టూ ఉంటుంది, 14సి28ఎన్ కూడా అదే కోవలోది. డి2 అనేది మధ్యస్తం, క్రోమియం 12 శాతం దాకా ఉన్నా కార్బన్ ఒకటిన్నర శాతం ఉండటంతో క్రోమియంలో కొంత కార్బన్‌తోనే ముడిపడిపోతుంది, అందుకే పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, పదును నిలుస్తుంది కానీ రాయి మీద పెట్టాలంటే ఓపిక కావాలి. గట్టిదనం రాక్‌వెల్ స్కేలు మీద 56 నుంచి 60 మధ్య రాసి ఉంటే సరిపోతుంది, "హై కార్బన్ స్టెయిన్‌లెస్" అని మాత్రమే రాసి ఉక్కు పేరు, గట్టిదనం రెండూ చెప్పని కత్తిని నేను కొనను.

కృష్ణ ఒడ్డున ఉండేవాళ్ళకి గాలిలో తేమ సంగతి చెప్పక్కర్లేదు. నా కార్బన్ చాకుని ఒక ఆగస్టులో తోలు ఒరలోనే రెండు వారాలు మర్చిపోయాను, తీసేసరికి అంచు వెంబడి పసుపు ఎరుపు చుక్కలు, రెండు చోట్ల గోటికి తగిలేంత గుంటలు. మంగినపూడి, సూర్యలంక ఉప్పు గాలికి అయితే ఒక్క రాత్రి చాలు. అందుకే మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా స్టెయిన్‌లెస్.

కార్బన్ ఉక్కే ఇష్టమైతే దానికి ముందే ఒక నల్లటి పొర పట్టించండి, తుప్పు కొంత తగ్గుతుంది. పచ్చి మామిడికాయ కోసి ఆ ముక్కని బ్లేడు మీద రెండు వైపులా రాసి పావుగంట వదిలేస్తే ముందు నీలం, తర్వాత బూడిద రంగు వస్తుంది, నాలుగైదుసార్లు చేస్తే ఇంట్లో పాత కత్తిపీటకుండే ఆ ముదురు రంగు దిగుతుంది. నిమ్మకాయ కూడా పనిచేస్తుంది. తర్వాత కడిగి, ఆరబెట్టి, సన్నగా కొబ్బరి నూనె రాయండి. వేరుశెనగ నూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురు కడుతుంది. కుట్టు మిషన్ నూనె రాస్తే దాచిపెట్టేటప్పుడే రాయండి, కూరగాయలకి వాడేముందు సబ్బుతో కడిగేయాలి.

7. పిడి, ఒర

మే నెలలో మన అరచేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. షాపులో ఏసీ కింద పొడి చేత్తో పట్టుకుంటే అన్ని పిడులూ బాగానే ఉంటాయి. చేతికి రెండు చుక్కల నూనె రాసుకుని పట్టుకుని చూడండి, షాపువాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, చూశాక తుడిచి ఇవ్వచ్చు. పిడి నాలుగు అంగుళాలకి తగ్గకూడదు, నాలుగు వేళ్ళూ లోపలే ఉండాలి. గుప్పిట బిగిస్తే వేళ్ళ కొసలు బొటనవేలి మొదటి కండకి తగిలీ తగలనట్టు ఉండాలి, బాగా గుచ్చుకుంటే పిడి సన్నం, అందకపోతే లావు. వేళ్ళ కోసం గుంటలు చెక్కిన పిడులు ఎవరి వేళ్ళకి చెక్కారో మరి, మీ వేళ్ళకి మాత్రం సరిపోవు. బ్లేడు దగ్గర చెయ్యి ముందుకి జారకుండా చిన్న గడప లాంటి అడ్డు ఉండాలి.

చెక్క పిడి చేతికి హాయిగా ఉంటుంది కానీ మన వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో ముడుచుకుంటుంది, రివిట్ల దగ్గర సందులు పడతాయి. మికార్టా, జీ10 అనే పిడులు గుడ్డనీ గాజు నారనీ జిగురుతో అతికించి చేసినవి, తడిసినా పట్టు పోదు. రబ్బరు పిడి రెండు మూడేళ్ళ ఎండకి బంకగా మారడం నేను చూశాను.

ఒర విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. తోలు ఒర అందంగా ఉంటుంది, తేమని పీల్చి పట్టుకుంటుంది కూడా, మనకి వద్దు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ఒర మేలు. కత్తి పెట్టి ఒరని తలకిందులు చేసి గట్టిగా రెండుసార్లు విదిలించండి. కత్తి కదిలితే అది ఒర కాదు. అడుగున నీళ్ళు కారిపోవడానికి కన్నం ఉందో లేదో చూడండి.

8. కొనడమా, ఆటోనగర్‌లో చేయించడమా

లారీ కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) ఉక్కుతో కత్తి చేయించుకోవాలని బెజవాడ కుర్రాళ్ళలో చాలామందికి ఉంటుంది, నేనూ చేయించాను, మంచి ఉక్కే అది, సాధారణంగా 5160 లాంటి కోవలోది, కార్బన్ 0.6 శాతం చుట్టూ ఉంటుంది, దెబ్బకి తట్టుకుంటుంది. కానీ పాత కమాన్ కట్టలో కంటికి కనిపించని పగుళ్ళు ఉండొచ్చు, లక్షల కిలోమీటర్లు వంగి లేచిన ఇనుము అది. వీలైతే కొత్త కట్ట కోసినప్పుడు మిగిలిన ముక్క అడగండి.

రెండో సంగతి, కమ్మరికి కొడవళ్ళు, గొడ్డళ్ళు అలవాటు, అవి కొంచెం మెత్తగా ఉన్నా పొలంలో ఆకురాయితో గీకుతూ వాడతారు. మీకు కావలసింది ముందే చెప్పండి: మందం 3 మిల్లీమీటర్లు, పొడవు నాలుగు అంగుళాలు, ఫుల్ ట్యాంగ్, ఎర్రగా కాల్చాక నీళ్ళలో కాకుండా వెచ్చటి నూనెలో ముంచాలి. ఈ ఉక్కుని నీళ్ళలో ముంచితే పగలొచ్చు. నేను కొలిమి పక్కన నిలబడి చూశాను, ఆయన బ్లేడుని ఎర్రగా కాల్చి ఒక పాత స్పీకరు అయస్కాంతానికి తాకించేవాడు. అంటుకుంటే మళ్ళీ కొలిమిలోకి. ఇనుము సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, ఆ తర్వాత ఇంకాస్త కాల్చి నూనెలో దించాడు, బుస్సుమని మంట లేచింది. ఆ స్థితిలో కత్తి గాజులా పెళుసు, కింద పడితే విరుగుతుంది. ఇంటికి తెచ్చి ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారాక మళ్ళీ రెండు గంటలు పెట్టాను, మెరుగు పెట్టిన చోట ఎండు గడ్డి రంగు వచ్చింది. అది రావాలి. నీలం దాకా వెళ్ళిందంటే మెత్తబడిపోయినట్టు.

సరిగ్గా గట్టిపడిందో లేదో తెలుసుకోడానికి రెండు పరీక్షలు. ఓవెన్లో పెట్టకముందు అంచు మీద ఆకురాయి నడిపితే జారిపోవాలి, గాజు మీద గీసినట్టు సన్నటి చప్పుడు వస్తుంది, ఇనుప రజను రాలుతుంటే గట్టిపడలేదు. అంతా అయ్యి పదును పెట్టాక, ఒక ఇత్తడి కడ్డీని పడుకోబెట్టి అంచుని దాని మీద కొంచెం వాల్చి నొక్కండి, వెలుతురు వైపు పెట్టి చూస్తే అంచు వంగడం కనిపిస్తుంది. వదలగానే తిరిగి నిటారుగా రావాలి. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చు ఊడితే పెళుసు. నాకు మొదటిది మెత్తగా వచ్చింది, రెండోసారి కుదిరింది.

ఇంత ఓపిక లేకపోతే పేరున్న కంపెనీది కొనండి, తప్పేమీ లేదు. ఆన్‌లైన్‌లో అయితే అమ్మేవాడి పేరు చూడండి, నకిలీలు ఎక్కువ. వచ్చాక మొన, అంచు, పిడి సందులు వెలుతురులో చూసి, ఒర పరీక్ష చేసి, తిరిగిచ్చే గడువు లోపలే కింది పని కూడా చేయండి.

9. ట్రిప్పుకి ముందు డాబా మీద ఒక సాయంత్రం

రెండు మూరల సరుగుడు కర్ర, కొబ్బరి తాడు, నైలాన్ తాడు, రెండు ఉల్లిపాయలు, ఒక క్యారెట్ పెట్టుకుని కూర్చోండి. ముందు కూరగాయలు. తర్వాత తాళ్ళు. ఆ తర్వాత కర్రని పదిహేను నిమిషాలు ఆపకుండా చెక్కండి, పల్చటి పేళ్ళు ఊడిపోకుండా కొసన గుత్తిగా నిలబడేలా, అదే తడి రోజున మంట అంటించేది. పొణికి చెక్క దొరికితే దాని మీద చేయకండి, కొండపల్లి బొమ్మలకి వాడేది అంత మెత్తన, ఏ కత్తైనా దాని మీద గొప్పగానే కనిపిస్తుంది. పదిహేను నిమిషాల తర్వాత అరచేతిలో ఎర్రబడిన చోటు చూడండి. అక్కడే మూడో రోజుకి బొబ్బ వస్తుంది, పిడి నచ్చలేదని అప్పుడే తెలిసిపోతుంది.

చెక్కేటప్పుడు మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, కత్తి మోకాళ్ళ అవతల ఉండేలా కూర్చోండి. తొడల మధ్య పెట్టుకుని చెక్కొద్దు, తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంది, అక్కడ తెగితే ఆస్పత్రికి చేరే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. ఇది ముఖ్యం, పిల్లలతో వెళ్ళేవాళ్ళు వాళ్ళకి మొదట నేర్పాల్సింది ఇదే. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఒరలో పెట్టి ఇవ్వండి. కింద పడుతుంటే పట్టుకోబోకండి, పడనివ్వండి.

10. సాన

హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల కార్బోరండం రాయి మొదటికి చాలు, తర్వాత 1000 నంబరు నీటి రాయి కొనుక్కోవచ్చు. వీధిలోకి సైకిల్ చక్రంతో వచ్చి సాన పట్టే ఆయన కత్తిపీటకి బాగానే చేస్తాడు, ఈ కత్తిని మాత్రం ఇవ్వకండి, తిరిగే రాయి మీద రవ్వలు లేస్తుంటే పల్చటి అంచు వేడెక్కి దాని గట్టిదనం పోతుంది.

ఫ్లాట్ గ్రైండ్‌కి ఒక్కో వైపు 20 డిగ్రీలు పెట్టుకోండి. కొలిచేదెలా అంటే, అంగుళం వెడల్పున్న బ్లేడుకి వెన్ను రాయి మీద నుంచి పెన్సిల్ మందం కన్నా ఒక పిసరు ఎక్కువ లేవాలి. అంచు మీద స్కెచ్ పెన్ను రంగు పూసి నాలుగుసార్లు రుద్ది చూడండి, రంగు అంచు కొస దాకా పోతే కోణం సరిపోయింది, పైనే పోయి కొసన మిగిలితే వెన్ను ఇంకొంచెం ఎత్తాలి. ఒకే వైపు రుద్దుతూ ఉంటే కాసేపటికి అవతలి వైపు బొటనవేలిని అడ్డంగా జరిపితే, అంచు వెంట కాదు, సన్నగా గరుకు తగులుతుంది. ఆ గరుకు అంచు పొడుగునా వచ్చేదాకా రెండో వైపు తిప్పొద్దు. చాలామందికి పదును రాకపోవడానికి కారణం అది రాకముందే తిప్పేయడమే. రెండు వైపులా అయ్యాక పాత తోలు బెల్టు లోపలి వైపు, వెన్ను ముందుకి పెట్టి, ఒక్కో పక్క ఇరవైసార్లు లాగండి. న్యూస్ పేపరు అంచు పట్టుకుని కోస్తే చిరగకుండా జారుతూ తెగాలి.

క్యాంపులో రాయి మోయక్కర్లేదు, బెల్టు ముక్క ఒకటి చాలు. తిరిగొచ్చాక సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, ఒరలో కాకుండా ఒక కాగితంలో చుట్టి, పిల్లలకి అందని పై అరలో పెట్టండి. ఒర దాని పక్కనే, విడిగా.